కంట్రోలర్ మార్చే ముందు మీటర్ పెట్టండి

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌కవేటర్ కొని గ్రానైట్ క్వారీలో తిప్పుతున్నాను. వేడెక్కాక మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్ వచ్చి ఇంజన్ స్పీడు పెరగడం లేదు. కంట్రోలర్ (ఇంజన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందంటున్నారు. మార్చమంటారా?
– ఓ పాఠకుడు, పలమనేరు

జవాబు: అప్పుడే అంత ఖర్చు పెట్టుకోకన్నా. పాత బండ్లలో నేను ముందు అనుమానించేది వైరింగ్‌నే. మానిటర్, ఇంజన్ కంట్రోలర్, పంపు కంట్రోలర్ మాట్లాడుకునేది మెలిపెట్టిన రెండు వైర్ల మీద. మేం క్యాన్ లైన్ అంటాం. మామూలుగా దాని రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు, అంటే కరెంటుని అడ్డుకునే చిన్న ముక్కలు, ఉంటాయి. బ్యాటరీ టెర్మినల్ తీసి ఆ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టు. రెండు రెసిస్టర్లూ కలిసి సగమే చూపిస్తాయి కాబట్టి 60 ఓమ్‌ల దగ్గర ఉంటే పర్లేదు. 120 వస్తే లైన్ ఎక్కడో తెగింది, లేదా ఒక రెసిస్టర్ పోయింది. సున్నాకి దగ్గరైతే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుకున్నాయి.

నీ బండికి వేడి మీదే వస్తోంది కాబట్టి పొద్దున్నే కొలిస్తే లాభం లేదు. ఎర్రర్ రాగానే ఆపి కొలువు. మీటర్ అలాగే ఉంచి, ఇంజన్ పక్కన క్లాంపుల దగ్గర వైర్లను ఒకరిని కదిలించమను. అంకె ఎగిరిన చోటే తప్పు. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించొచ్చు. బండిని ప్రెషర్ నీళ్లతో కడిగేవాళ్ల పుణ్యమే అది! పాత ఓనరు టేపు చుట్టిన జాయింటుంటే ముందు దాన్ని విప్పు.

60 వచ్చినా ఎర్రర్ పోకపోతే కంట్రోలర్‌కి వచ్చే కరెంటు, ఎర్త్ చూపించు.