రౌటర్‌లోనే యాడ్స్ ఆపాలనుకుంటే

చిరంజీవి అల్లుడికి,

టీవీకి, ఫోన్లకి విడివిడిగా కాకుండా రౌటర్‌లోనే యాడ్స్ ఆపేద్దామన్నావు. మంచి పని, తప్పకుండా చెయ్యి. కాకపోతే మీ నాన్న ఆఫీసు మీటింగులు, అమ్మ యూపీఐ అన్నీ ఆ రౌటర్ మీదే నడుస్తున్నాయి. ఒక యాడ్ తప్పించుకుని వస్తే ఎవరూ పట్టించుకోరు. నెట్ ఆగిపోతే మాత్రం ఇల్లంతా నిన్నే అడుగుతుంది. ఈ పనికి స్క్రిప్ట్ (రౌటర్ తనంతట తనే నడిపే చిన్న ప్రోగ్రామ్) రాసేటప్పుడు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బాలో ఈ పనులు సాధారణంగా కుదరవు. దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత లినక్స్ సాఫ్ట్‌వేర్) నడిచే సొంత రౌటర్ తగిలించుకో. ర్యామ్ 128 ఎంబీకి తగ్గకూడదు. కొనేముందు మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడు, పేరు ఒకటే అయినా లోపలి చిప్ మారిపోతుంటుంది.

ఏ సైట్ తెరిచినా ఫోన్ ముందు రౌటర్‌ని అడ్రస్ అడుగుతుంది. ఇలా పేరు చెప్తే అడ్రస్ ఇచ్చే పనినే డీఎన్‌ఎస్ అంటారు. రౌటర్‌లో ఆ జవాబిచ్చే ప్రోగ్రామ్ డీఎన్‌ఎస్‌మాస్క్. అడిగిన పేరు మనమిచ్చిన యాడ్ సైట్ల లిస్టులో ఉంటే 0.0.0.0 అని ఎటూ పోని అడ్రస్ ఇస్తుంది, యాడ్ అక్కడితో సరి. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అలాంటిదే స్టీవెన్ బ్లాక్ హోస్ట్స్ లిస్టు ఉంది, మొదట అదొక్కటి చాలు.

అసలు జాగ్రత్త లిస్టు దించడంలో ఉంది. కొత్తదాన్ని నేరుగా పాతదాని మీదకి దించకు. టీఎంపీలో (రౌటర్‌లోని తాత్కాలిక ఫోల్డర్) వేరే పేరుతో దించి, లైన్లు లెక్కపెట్టించు. సగంలో నెట్ పోయినా, లిస్టు బదులు ఎర్రర్ పేజీ వచ్చినా లెక్క బాగా తగ్గుతుంది. అలా తగ్గితే స్క్రిప్ట్ అక్కడే ఆగాలి, పాత లిస్టు కదలకూడదు. లెక్క సరిపోతే 0.0.0.0తో మొదలయ్యే లైన్లు మాత్రం ఏరి, ఆ ఫైలుని టీఎంపీలోని హోస్ట్స్ ఫోల్డర్‌లోకి మార్చు. డీఎన్‌ఎస్‌మాస్క్ ఆ ఫోల్డర్‌ని ఎలాగూ చదువుతుంది, కాబట్టి రీస్టార్ట్ అక్కర్లేదు, ఫైళ్ళు మళ్ళీ చదువుకోమని చెప్పే హప్ సిగ్నల్ పంపితే చాలు. టీఎంపీ ఉండేది ర్యామ్‌లో కాబట్టి రౌటర్ శాశ్వత మెమరీ అయిన ఫ్లాష్ అరగదు. కానీ కరెంటు పోతే లిస్టూ పోతుంది. అందుకే నెట్ రాగానే స్క్రిప్ట్ మళ్ళీ నడిచేలా హాట్‌ప్లగ్‌లో (నెట్ రావడం లాంటివి జరిగినప్పుడు స్క్రిప్టులు నడిపే ఏర్పాటు) పెట్టు. లిస్టు కొత్తది దించడానికి, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో వారానికోసారి, తెల్లవారుజామున పెడితే చాలు.

కొన్ని టీవీలు రౌటర్‌ని అడగకుండా గూగుల్ డీఎన్‌ఎస్ అయిన 8.8.8.8నే అడుగుతాయి. మామూలు డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్ళే పోర్ట్ 53ని ఫైర్‌వాల్‌లో రౌటర్‌కే మళ్ళించు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్, బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్‌లో ఉంటే ప్రశ్నలు ఆ పోర్ట్ మీదుగా కాకుండా గుప్తంగా వెళ్తాయి, ఆ మళ్ళింపు పనిచెయ్యదు, ఫోన్ ఫోన్‌కీ చూసుకోవాల్సిందే. యూట్యూబ్ యాడ్స్ ఆగవని ఇంట్లో ముందే చెప్పేయ్. అవి వీడియోలు వచ్చే సర్వర్ల నుంచే వస్తాయి, పేరు చూసి ఆపడం కుదరదు.

చివరగా, గెస్ట్ వైఫై ఒకటి పెట్టి దానికి వేరే డీఎన్‌ఎస్ ఇవ్వు, పోర్ట్ 53 మళ్ళింపు దీనికి తగలకుండా చూడు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఏ బ్యాంకు పేజీనో తెరుచుకోకపోతే, అమ్మ దానికి మారి పని కానిచ్చుకుంటుంది. ఏ పేరు అడ్డుపడిందో నువ్వు వచ్చాక డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ప్రశ్నల లాగ్ ఆన్ చేసి, ఆ పేజీ మళ్ళీ తెరిచి చూసి, లిస్టులోంచి తీసెయ్యొచ్చు.

ఆశీస్సులతో,
మావయ్య