బతిమాలాల్సింది ఆరోగ్యమిత్రను కాదు

కర్నూలు, బుధవారపేట

చిరంజీవి రమణకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే జవాబు చెప్పినాను. వార్డు బయట గోలలో నీకు ఆ సగమైనా వినపడిందో లేదో. అందుకే రాస్తున్నా. నింపాదిగా చదువుకో.

పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్న మీ నాన్నను సోమవారం ఇంటికి పంపిస్తారంటున్నావు. ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం, ఎడమ చెయ్యీ కాలూ ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఇంటికి నర్సు రావడం, ఫిజియోథెరపీ చేయించడం ఆరోగ్యశ్రీ కార్డు మీద అవుతుందా, అయితే పర్మిషన్ ఎవరివ్వాలి అన్నది నీ ప్రశ్న. దానికోసం రెండు రోజులుగా డెస్కులో కూర్చున్న ఆరోగ్యమిత్రను బతిమాలుతున్నానన్నావు. ఆ పిల్ల చేతిలో ఏముందిరా? రేషన్ కార్డు, ఆధార్ చూసి నమోదు చేస్తుంది, ఎక్కడికి పోవాలో దారి చూపిస్తుంది, ఫిర్యాదు ఉంటే పైకి పంపిస్తుంది. వైద్యం ఇవ్వాలా వద్దా అని చెప్పే అధికారం ఆమెకు లేదు.

వైద్యసేవలో (పేరు ఆరోగ్యశ్రీ నుంచి రెండు మూడుసార్లు మారింది, జనం నోట మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీనే) ఏదైనా కదలాలంటే మొదట వార్డులో చూస్తున్న డాక్టరు కేస్ షీట్‌లో రాయాలి. ఆయన రాసినదాన్ని రిపోర్టులతో కలిపి కంప్యూటర్‌లో ఎక్కించేది మెడ్కో. ఆయనా డాక్టరే, ఆసుపత్రి తరఫున ఈ పనికి పెట్టిన మనిషి. దాన్ని చూసి సరే అనేది మాత్రం ఆసుపత్రిలో ఉండరు, ఈ పథకం నడిపే ట్రస్టు తరఫున కూర్చున్న డాక్టర్లు. ఇట్లా ముందుగా తీసుకునే అనుమతినే అందరూ ‘ప్రీఆథ్’ అంటారు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ముందు ఫోన్ మీదే అప్రూవల్ తీసుకుని, కాగితాలు తర్వాత పెడతారు. కాబట్టి ఎవరైనా ‘ఇంకా అప్రూవల్ రాలేదు’ అంటే, నువ్వు అడగాల్సింది ఒక్క మాట: ‘ప్రీఆథ్ పెట్టారా, క్వెరీ ఏమైనా పడిందా?’ క్వెరీ అంటే పైవాళ్లు ఏదో కాగితం తక్కువైందని వెనక్కి పంపడం. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆగేది అక్కడే. ఒక స్కాన్ రిపోర్టో, డాక్టరు సంతకమో తక్కువై ఉంటుంది.

వార్డులో ఉన్నన్ని రోజులు నర్సింగు, ఫిజియోథెరపీ ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. వాటికి వేరే పర్మిషన్ అక్కర్లేదు, వేరే డబ్బు ఇవ్వక్కర్లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఫిర్యాదుల నంబరు 104కు ఫోన్ చెయ్యి. కానీ ఫిజియో తనంతట తాను మంచం దగ్గరికి రాడు. డాక్టరు కేస్ షీట్‌లో రాస్తేనే వస్తాడు. మీ నాన్న కేస్ షీట్‌లో ఆ మాట ఉందో లేదో ఈరోజే డ్యూటీ సిస్టర్‌ను అడుగు. నేను ముప్పై ఏళ్లు వార్డుల్లో చేసినా కాబట్టి చెప్తున్నా, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు నోటితో చెప్పిన మాట షీట్‌లోకి ఎక్కకుండా పోవడం చాలా మామూలు. ఉదయం రౌండ్స్ టైముకు మంచం దగ్గరే ఉండు, ఆ టైములో టీకి పోవద్దు.

ఇక ఇంటికి పోయినాక సంగతి. ఇక్కడ నిన్ను మభ్యపెట్టను. నెలల తరబడి నర్సును ఇంటికి పంపేది మన కార్డులో లేదు. కేంద్రం వాళ్ల ఆయుష్మాన్ భారత్ లెక్క చూసినా, ఆసుపత్రిలో చేరకముందు 3 రోజులు, డిశ్చార్జి అయినాక 15 రోజుల మందులూ పరీక్షల ఖర్చే లోపల కలుస్తుంది. ఆ తర్వాత మనమే.

మీ అన్న అమెరికా నుంచి ‘అక్కడ నర్సు ప్రాక్టీషనర్, అంటే పై చదువు చదివి రోగుల్ని చూసి మందులు రాసే నర్సు, సంతకం చేస్తే ఇంటికే నర్సు, ఫిజియో వస్తారు పెద్దమ్మా, మన దగ్గర ఎందుకు కాదు?’ అని వాదన పెట్టుకున్నాడు. హోమ్ హెల్త్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు కదా, వాడికి ఆ రూల్స్ కంఠస్థం. వాణ్ణే కూర్చోబెట్టి పూర్తిగా అడిగినా. అక్కడ కూడా మొన్నమొన్నటి దాకా, అంటే 2020 మార్చి దాకా, మెడికేర్‌లో (అక్కడ పెద్దవయసు వాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) ఆ సంతకం డాక్టరుదే అయి ఉండాలంట. కరోనా సమయంలో తెచ్చిన చట్టంతో నర్సు ప్రాక్టీషనర్లకు, క్లినికల్ నర్స్ స్పెషలిస్టులకు, ఫిజీషియన్ అసిస్టెంట్లకు కూడా ఆ అధికారం ఇచ్చినారు. అదీ ఆయా రాష్ట్రం చట్టం ఒప్పుకున్నంత వరకే. ఊరికే సంతకం పెడితే చాలదు. సేవ మొదలయ్యే ముందు 90 రోజుల్లోనో, మొదలైనాక 30 రోజుల్లోనో రోగిని ఎదురుగా చూసి ఉండాలి. మనిషి ఇల్లు కదలలేని స్థితిలో ఉండాలి. ఏ సేవ, వారానికి ఎన్నిసార్లు అని ప్లాన్ రాసి, 60 రోజులకొకసారి మళ్లీ చూసి సంతకం చెయ్యాలి. ఫిజియో తన పని తాను లెక్కగట్టి రాస్తాడే గానీ, తనకు తాను పర్మిషన్ ఇచ్చుకోలేడు.

నర్సుగా ఆ మాట విన్నప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండింది, దాచుకోను. కానీ నీకు పనికొచ్చేది ఆ సంతకం సంగతి కాదు, ఆ ప్లాన్ కాగితం. అట్లాంటిది మన డాక్టరు చేత కూడా రాయించుకోవచ్చు.

మీ పెదనాన్నకు తుంటి ఎముక ఆపరేషన్ అయినప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం మీద ‘ఫిజియో కంటిన్యూ’ అని రెండు మాటలు రాసి ఇచ్చినారు. అన్నేళ్ల సర్వీసు ఉన్నదాన్ని, నేను కూడా చదవకుండా సంచిలో పెట్టుకుని వచ్చేసినా. ఊర్లో పిల్లోడు ఒకడు వచ్చి కాలు ఎంత వంచాలో తెలియక వారం రోజులు పైపైన రుద్ది పోయినాడు. బరువు ఎప్పుడు మోపాలో ఎవరికీ తెలియదు. తిరిగి ఆ ఆసుపత్రికి పోతే ఆ డాక్టరు సెలవులో ఉన్నాడు. మీ పెదనాన్న నడిచేసరికి నాలుగు నెలలు పట్టింది.

అందుకే డిశ్చార్జి కాగితం చేతికి రాకముందే డాక్టరు దగ్గర నిలబడి అడుగు. ముక్కు గొట్టం ఎప్పుడు తీయాలి, మూత్రం గొట్టం ఏ తేదీకి మార్చాలి, ఏ వ్యాయామం రోజుకు ఎన్నిసార్లు, ఎప్పుడు కూర్చోబెట్టాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. తేదీలు వేసి రాయించుకో. విసుక్కుంటే విసుక్కోనీ. ఆ కాగితం జిరాక్స్ తీసి మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీకి, అంటే ఆ క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగికి, ఒకటి ఇవ్వు. ఆ అమ్మాయి నర్సింగు చదివిందే. డాక్టరు రాసిచ్చింది ఉంటే గొట్టం సంగతి, పుండు డ్రెస్సింగు, బీపీ చూసేందుకు ధైర్యంగా చెయ్యి పెడుతుంది. లేకుంటే ‘కర్నూలుకు తీసుకుపోండి’ అంటుంది, ఆమెనూ తప్పు పట్టలేం. పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో (ఊరూరా తిరిగే వైద్యం బండి) ఊరికొచ్చే రోజు తెలుసుకుని, మంచం దగ్గరికి వచ్చి చూడమని అడుగు.

పింఛను గురించి కూడా అడిగినావు. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు 2024 నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. కానీ దానికి వార్డు డాక్టరు రాసిచ్చే కాగితం పనికిరాదు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం సర్టిఫికెట్) స్లాట్ తీసుకుని మెడికల్ బోర్డు ముందుకు పోవాలి, వైకల్యం శాతం వాళ్లే వేస్తారు. ఇంత తొందరగా వెయ్యరు కూడా. కోలుకుంటాడేమో చూసేందుకు కొన్ని నెలలు గడువు పెడతారు. కోలుకోవాలనే కదా మనమూ కోరుకునేది. ఇప్పుడే బ్రోకర్ల మాట విని డబ్బు ఇవ్వొద్దు.

ఆదివారం పొద్దున నేనే వార్డుకు వస్తా. గొట్టంలో రాగిజావ పోసేది మీ అమ్మకు చేతిలో పెట్టి చూపించాలి. పలుచగా, గోరువెచ్చగా, వడగట్టి, తల వైపు ఎత్తుగా పెట్టి పొయ్యాలి, పోసినాక అరగంట పడుకోబెట్టకూడదు. 60 ఎంఎల్ సిరంజి ఒకటి, ఎయిర్ బెడ్ ఒకటి కొనిపెట్టు. నాన్నను లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పు, భుజం జారుతుంది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేందుకు రాత్రిపూట ఎవరి వంతు ఎప్పుడో ఇప్పుడే అనుకోండి. అంతా మీ అమ్మ మీదే వెయ్యొద్దు. రాత్రి మూడు గంటలప్పటి వంతు నాకు రాసి పెట్టు, నాకు ఎట్లాగూ నిద్ర పట్టదు.

మీ పెద్దమ్మ