టెక్ సందేహాలు: గేర్‌లో వంద పెరిగితే స్పెల్‌కి నలభై మూడేనా?

ప్రశ్న: సార్, మాది బొబ్బిలి. విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో మేజ్ (మంత్రగాడి పాత్ర) ఆడతాను. స్పెల్ డ్యామేజ్ (మంత్రాలు చేసే నష్టానికి బోనస్) 100 వచ్చేలా గేర్ (పాత్ర ధరించే సామగ్రి) మార్చాను. ఫైర్ బ్లాస్ట్ అనే స్పెల్ డ్యామేజ్ 43 మాత్రమే పెరిగింది. ఇది బగ్గా? బయట డబ్బులిచ్చి గోల్డ్ (గేమ్‌లో వాడే డబ్బు) కొని, ఇంకా మంచి గేర్ తీసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: బగ్ కాదు. గేర్ మీద ఉన్న అంకె ప్రతి స్పెల్‌కీ పూర్తిగా చేరదు. స్పెల్ వేయడానికి పట్టే టైమ్‌ని 3.5తో భాగిస్తే ఎంత చేరుతుందో తెలుస్తుంది. ఫైర్‌బాల్ స్పెల్ పెద్ద ర్యాంక్‌కి (స్థాయికి) 3.5 సెకన్లు, కాబట్టి వందకు వంద. టాలెంట్‌తో (పాత్రకు ఎంచుకునే అదనపు నైపుణ్యంతో) అది 3 సెకన్లకు తగ్గినా బోనస్ తగ్గదు, అసలు టైమే లెక్క. ఫైర్ బ్లాస్ట్ నొక్కగానే పడుతుంది. అలాంటివాటికి 1.5 సెకన్లు అనుకుని లెక్క కడతారు, అందుకే 42.9 శాతం. ఫ్రాస్ట్‌బోల్ట్‌కి 85.7 రావాలి కానీ, అది శత్రువు నడకను కూడా తగ్గిస్తుంది కదా, ఆ మేరకు కోసి 81.4 ఇచ్చారు. చుట్టూ ఉన్న అందరికీ తగిలే ఆర్కేన్ ఎక్స్‌ప్లోజన్‌కి 14 శాతమే.

నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది. అన్నిటికీ వంద చొప్పున కలిపితే ఏమయ్యేదో చూడండి. 7 సెకన్లలో రెండు ఫైర్‌బాల్స్ వేసేవారికి 200 కలుస్తుంది, 1.5 సెకన్ల స్పెల్ నాలుగుసార్లు వేసేవారికి 400. ఇక పెద్ద స్పెల్ జోలికి ఎవరు పోతారు?

మీరు రెయిడ్‌లకు (గుంపుగా పెద్ద శత్రువులైన బాస్‌లతో చేసే పోరాటాలకు) వెళ్తుంటే ముందు హిట్ (స్పెల్ గురి తప్పకుండా తగిలే అవకాశం) సంగతి చూసుకోండి. మీకంటే 3 లెవెల్స్ పైనున్న బాస్‌కి మీ స్పెల్ తగిలే అవకాశం 83 శాతమే. 99 దాకా పెంచుకోవచ్చు, ఆ మిగిలిన ఒక్క శాతం ఏం చేసినా పోదు. అంటే 16 శాతం హిట్ కావాలి. ఫైర్, ఫ్రాస్ట్ స్పెల్స్‌కి ఎలిమెంటల్ ప్రెసిషన్ టాలెంట్ 6 ఇస్తుంది, గేర్‌లో 10 చాలు. 83 దగ్గర ఒక శాతం హిట్ పెరిగితే డ్యామేజ్ సుమారు 1.2 శాతం పెరుగుతుంది. క్రిట్ (స్పెల్ మామూలు కంటే గట్టిగా తగిలే అవకాశం) ఒక శాతం పెరిగితే, టాలెంట్ల సాయం లేకుండా, అర శాతం కూడా దాటదు. పైగా క్లాసిక్‌లో ఇంటెలెక్ట్ (పాత్ర తెలివి అంకె) మానాని (స్పెల్స్ వేయడానికి ఖర్చయ్యే శక్తిని), క్రిట్‌ని పెంచుతుందే తప్ప స్పెల్ డ్యామేజ్‌ని పెంచదు. ఈ లెక్క తెలియక చాలామంది దాని వెంట పడతారు.

గోల్డ్ మాత్రం కొనొద్దు. బయటివాళ్ల దగ్గర కొనడం రూల్స్‌కి విరుద్ధం, దొరికితే అకౌంటే పోవచ్చు. చదువుకునే వయసులో ఆ డబ్బు దండగ.

ప్రశ్న: మాది టెక్కలి. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఇదే గేమ్ ఆడుతున్నాను. సాయంత్రం పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) పెరిగితే నా స్పెల్ డ్యామేజ్ తగ్గుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్కో స్పెల్ డ్యామేజ్ తగ్గదు, ఆ లెక్క జరిగేది సర్వర్‌లో. పెరిగేది స్పెల్‌కీ స్పెల్‌కీ మధ్య ఖాళీ. 3.5 సెకన్ల స్పెల్ తర్వాత ప్రతిసారీ 0.3 సెకను వృథా అయితే మొత్తం మీద దాదాపు 8 శాతం పోయినట్టే. అందుకని మొదటి స్పెల్ పూర్తయ్యేదాకా ఆగకుండా, చివర్లో ఉండగానే తర్వాతి స్పెల్ నొక్కండి. మామూలు సెట్టింగ్‌లో ఆఖరి 400 మిల్లీసెకన్లలో నొక్కినదాన్ని గేమ్ వరుసలో పెట్టుకుంటుంది. ఫోన్‌ని హాట్‌స్పాట్‌గా కాకుండా యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి చూడండి, కొంత నిలకడ వస్తుంది.