శవం ఒకటే, ఎదురుచూపులు వేరు

తమ్ముడూ,

నీ స్క్రిప్టు అందింది. నూట పన్నెండు పేజీలూ రెండు రాత్రుల్లో చదివాను. దానితో పంపిన ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. "ఇది ఏ జానర్‌లోనూ ఇమడని కథ, అదే దీని బలం" అని రాశావు. నాకు కోపం వచ్చింది. ఇలాంటి మాట ముందు పెట్టుకుని వచ్చిన స్క్రిప్టులు ఇన్నేళ్లలో చాలా చదివాను. వాటిలో ఎక్కువ భాగం, ప్రేక్షకుణ్ణి ఎటు చూడమనాలో రచయితకే తేలక తడబడినవి. నీకు రాయడం వచ్చు. అందుకే కోపం.

జానర్ అంటే హారర్, కామెడీ అంటూ పోస్టరు వేసేవాళ్లు అంటించే చీటీ అని నీ అభిప్రాయం. చీటీ వాళ్లదే, ఒప్పుకుంటాను. యుద్ధకాలంలో ఫ్రాన్స్‌కు చేరని అమెరికన్ సినిమాలు అది ముగిశాక అక్కడ ఒకదాని వెంట ఒకటి విడుదలయ్యాయి. వాటిలో కొన్ని నేరకథల్లోని చీకటిని గమనించి 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు 'ఫిల్మ్ నువార్', అంటే నల్ల సినిమా, అన్నాడు. అవి తీసినవాళ్లు ఆ పేరు పెట్టుకుని తీయలేదు. స్టూడియోల లెక్కలో అవి మెలోడ్రామాలు, క్రైమ్ సినిమాలు. అయినా పేరు పుట్టకముందే ప్రేక్షకుడు సీట్లో కూర్చుని, ఈ మనిషి ఏ మెట్టు మీద కాలు జారతాడా అని ఊపిరి బిగబట్టాడు. ఆ ఎదురుచూపే జానర్. పేరు దాని వెనకాల ఎప్పుడో వస్తుంది.

ఒక గది, అందులో ఒక శవం అనుకో. డిటెక్టివ్ కథలో ప్రేక్షకుడి చూపు వెనక్కి పోతుంది: ఎవరు చంపారు? థ్రిల్లర్‌లో ముందుకు పోతుంది: తర్వాత ఎవరు? హారర్‌లో శవం మీదే ఉంటుంది, వేలు కదిలిందేమోనని. కామెడీలో తలుపు మీద ఉంటుంది, ఎవరైనా వచ్చేలోగా దాన్ని ఎక్కడ దాస్తారోనని. మెలోడ్రామాలో ఈ కబురు తల్లికి ఎవరు చెప్పాలా అని గుండె బరువెక్కుతుంది. గదీ మారలేదు, శవమూ మారలేదు. 1971లో సిరీస్‌గా మొదలైన అమెరికన్ టీవీ డిటెక్టివ్ కథ 'కొలంబో' చూడు. హంతకుణ్ణి ముందే చూపించేస్తారు. 'ఎవరు' పోయి 'ఎలా దొరుకుతాడు' వచ్చి కూర్చుంది. ఒక్క సమాచారం స్థానం మారితే రాసే పద్ధతి మొత్తం మారిపోయింది.

ఇప్పుడు నీ కథకు వద్దాం. అరవై పేజీలు అన్నదమ్ముల ఆస్తి తగాదా, నవ్వులు. అరవై ఒకటో పేజీలో దెయ్యం. ఇదెక్కడి పద్ధతి అని ఎవరైనా అడుగుతారని ముందే ఊహించి, 1960 నాటి హిచ్‌కాక్ సినిమా 'సైకో'ని అడ్డం పెట్టుకున్నావు. హీరోయిన్ సగం సినిమా కాకముందే చనిపోలేదా, కథ మొత్తం మారిపోలేదా అని. మారింది కథ. ఎదురుచూపు మారలేదు. ఆమె డబ్బు దొంగిలించిన క్షణం నుంచి ఎవరో ఒకరు ఆమెను చూస్తూనే ఉన్నారు. రోడ్డు పక్కన కారులో నిద్రపోతే నల్లద్దాల పోలీసు వచ్చి లేపుతాడు. మోటెల్ ఆఫీసు వెనక గదిలో చచ్చిన పక్షుల బొమ్మలు చూస్తాయి. గోడలో కన్నం గుండా ఒక కన్ను చూస్తుంది. స్నానాల గదికి చేరేసరికి మన భయం చాలాసేపటి నుంచీ పొయ్యి మీదే ఉంది. హిచ్‌కాక్ మంట పెంచాడంతే. నువ్వు అరవై పేజీలు పొయ్యి వెలిగించకుండా గిన్నె పొంగాలంటున్నావు.

'జానర్ బ్రేకింగ్' అన్న మాట ఈమధ్య కథ వినిపించే ప్రతి నెరేషన్‌లోనూ వినపడుతోంది. వినపడినప్పుడల్లా నాకు పాత మంట రేగుతుంది. నా ఇరవైల్లో ఒక సంపాదకుడు నా కథను "నేరకథలు మా ప్రమాణానికి తగవు" అని ఒక్క వాక్యంతో తిప్పి పంపాడు. కథ చదివిన గుర్తు ఎక్కడా లేదు. ఆ చిన్నచూపే ఇప్పుడు కొత్త బట్టలు కట్టుకుని తిరుగుతోంది. హారర్ రాస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు భయపెట్టలేడు.

టీవీ గురించి కూడా అడిగావు. సినిమా రెండు గంటల్లో తీర్చాల్సిన ఎదురుచూపును టీవీ రోజుల తరబడి బతికించాలి. పగటిపూట రేడియో సీరియళ్లకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టాయి గనక వాటికి 'సోప్ ఒపెరా' అన్న పేరొచ్చింది. రేపు మళ్లీ వినిపించడమే వాటి పని, కాబట్టి ముగింపు అనేది వాటి స్వభావంలోనే లేదు. సిట్‌కామ్, అంటే అవే పాత్రలతో సాగే హాస్య సిరీస్, ఇంకో రకం. అదే మనిషి అదే తప్పు మళ్లీ చేస్తాడని మనం ఎదురుచూస్తాం, చివరికి అందరూ బయల్దేరిన చోటికే చేరాలి. నేరపరిశోధన అలా కాదు, దానికి చివర ఉండి తీరాలి.

ఈ తేడా నేను నష్టపోయి తెలుసుకున్నాను. నా మొదటి సీరియల్ 26 ఎపిసోడ్ల పరిశోధన కథ. హంతకుడు గడియారం కుడిచేతికి పెట్టుకుంటాడని మూడో ఎపిసోడ్‌లో ఒకే ఒక్క షాట్‌లో చూపించాం. జనం బాగా చూస్తున్నారని పదకొండో ఎపిసోడ్ తర్వాత చానల్ వాళ్లు వందకు పెంచమన్నారు. హంతకుణ్ణి మూడుసార్లు మార్పించారు. నేను రాశాను, కాదనలేకపోయాను. అంతా అయిపోయాక ఒకావిడ ఉత్తరం రాసింది. మెప్పూ లేదు, తిట్టూ లేదు. "ఆ గడియారం సంగతి ఏమైందండీ?" అని ఒక్క ప్రశ్న. తొంభై ఏడు ఎపిసోడ్లు ఆవిడ ఆ గడియారం కోసం చూసింది. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. ఏమని రాయను?

నీ పదిహేడో పేజీ చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చింది. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. తండ్రి తీస్తాడు. అవతల నిశ్శబ్దం. ఆయన రిసీవర్ పెట్టేయకుండా, చాలా మామూలుగా, "చీకటి పడింది కదా, ఎక్కడున్నావు?" అంటాడు. పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి వింటాడు. తర్వాతి సీన్‌లో మళ్లీ ఆస్తి పత్రాల గొడవ, ఫోన్ ఊసే లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీ సినిమా అక్కడ మొదలైంది, నువ్వు గమనించకుండా దాటేశావు.

ఆ సీన్‌ను మొదటి పేజీకి తీసుకురా. తగాదా అలాగే ఉంచు, నవ్వులూ ఉంచు. ప్రతి నవ్వు వెనకా ఆ ఫోన్ మళ్లీ మోగుతుందేమోనని మాకు అనిపించాలి. తమ్ముడు వాటా అడిగేటప్పుడు ఫోన్ ఆ బల్ల మీదే ఉండనీ. దెయ్యం అరవై ఒకటో పేజీలోనే రానీ, అభ్యంతరం లేదు. అప్పటికి మేం దాని కోసం సిద్ధంగా ఉంటాం.

తిరగరాసి పంపు. అవతల ఎవరున్నారో మాత్రం ఉత్తరంలో రాయకు.