సముద్రానికి దాని పంచాంగం దానికుంది

ప్రశ్న: మేడమ్, వచ్చే నెల ఐదు రోజులు సముద్రతీరానికి వెళ్తున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. మావారు అప్పుడే ఎక్సెల్ షీట్ వేసేశారు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా గంట గంటకీ ఏదో ఒకటి. స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపైన తేలుతూ అడుగు చూడటం), కయాకింగ్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ), పడవలో దీవికి, ఇసుక తిన్నె మీద నడక, లైట్‌హౌస్, ఆఖరి రోజు పొద్దున స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి దిగడం), సాయంత్రం ఫ్లైట్. లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. "అంత ఖర్చుపెట్టి వెళ్లి ఊరికే కూర్చుంటామా" అంటారాయన. నిజంగా ఇవన్నీ కుదురుతాయా?

జవాబు: కుదరవు. అలాగని మీవారిని ఏమీ అనకండి. అలాంటి కాగితం ఒకప్పుడు నేనూ వేశాను. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పటి మాట. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి "ఇసుక కోట" అని నీలం ఇంకుతో రాసి, కింద గీత కూడా గీశాను. తీరా వెళ్తే ఇసుక మీద కాలు ఆనితే ఒట్టు. పిల్లలిద్దరూ పరిచిన తువ్వాలు మీదే ఒంటికాలి మీద గెంతుతున్నారు, నేనేమో టిక్ పెట్టడానికి పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఎక్కడికి బయల్దేరినా "అమ్మా, టిక్ పెట్టావా?" అని ఏడిపిస్తారు.

ప్లాన్ వేయడం తప్పు కాదు. ఏ పని ఎప్పుడన్నది మన గడియారం చూసి రాసుకోవడమే తప్పు. సముద్రం దగ్గర ఎండ, గాలి, ఆటుపోట్లు చెప్పినట్టు మనం వినాలి.

ముందు ఎండ సంగతి. పది నుంచి నాలుగు వరకూ షీట్‌లో ఖాళీగా వదిలేయమనండి. ఆ సమయంలో భోజనం, నిద్ర, లేదంటే ఇంటి కప్పు కింద చేసే పని ఏదైనా. ఎండ తీవ్రత తెలియడానికి యాప్ అక్కర్లేదు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే ఒంటికి దెబ్బ తగిలే వేళన్నమాట. గొడుగు కింద కూర్చున్నాం కదా అనుకుంటాం గానీ, పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 15 శాతం, నురగ 25 శాతం దాకా తిప్పికొడతాయి. సన్‌స్క్రీన్‌లో ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్నది 97 శాతం ఆపితే, 50 ఉన్నది 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం కొట్లో తర్జనభర్జన పడేకన్నా, రెండు గంటలకోసారీ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయడం ముఖ్యం. ఇసుక అంటిన వీపు మీద క్రీము రాయడమంటే గరుకు కాగితంతో రుద్దినట్టే, నాలుగేళ్ల పిల్ల ఊరంతా వినిపించేలా ఏడుస్తుంది. అందుకే గదిలోంచి బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందే రాసేయండి. పిల్లలకి నిండు చేతుల ఈత చొక్కా వేస్తే రాయాల్సిన ఒళ్లే తగ్గుతుంది.

గాలి విషయం చాలామందికి తట్టదు. నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి, ఎండ కాసే రోజుల్లో పొద్దెక్కేకొద్దీ సముద్రం మీంచి ఒడ్డుకి గాలి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు మూడింటికి గరుకుగా లేస్తాయి. కాబట్టి స్నార్కెలింగ్, కయాక్, పడవ, ఈ మూడూ పొద్దున్నే. కయాక్‌లో పోయేటప్పుడు ఎదురుగాలికి పోవాలి, ఓపిక అయిపోయాక వచ్చేటప్పుడు గాలే నెడుతుంది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంటే మాత్రం పిల్లల గాలి పరుపులూ, గాలి బాతులూ సంచిలోంచి తీయకండి. అవి పోతుంటే మీరు ఈదే వేగం చాలదు.

ఇక ఇసుక తిన్నె నడక. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నది నేను. ఒకసారి ఆటు వేళ నీళ్లు బాగా లోపలికి తీశాక, తిన్నె మీదుగా ఎదురుగా ఉన్న రాళ్ల గుట్టకి నడిచాం. గవ్వలు ఏరుకుంటూ కూర్చున్నాం. నీళ్లు తిరిగి ఒడ్డుకి రావడం మొదలై గంట దాటింది. మా మరిది వెళ్లి కాలు పెట్టి చూసి "చీలమండ కూడా మునగలేదు వదినా, ఇంకాసేపు ఉందాం" అన్నాడు. మేం లేచేసరికి మోకాళ్ల లోతు, తిన్నె మధ్యకి వచ్చేసరికి నడుముల దాకా. మా అమ్మాయిని ఆయన భుజాల మీద ఎక్కించుకున్నారు, నా చెప్పొకటి నీళ్లపాలైంది. రెండోది చాలాకాలం దాచుకున్నాను, బుద్ధి గుర్తుండాలని.

తర్వాత ఓ పడవాయన లెక్క చెప్పాడు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరుంపావు గంటలు. నీళ్లు ఆ కాలమంతా ఒకేలా పెరగవు. మొత్తాన్ని పన్నెండు భాగాలనుకుంటే, మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఆపైన మళ్లీ రెండు, ఒకటి. మొదటి గంట చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లే మునిగేది. అందుకని నీళ్లు ఇంకా తీస్తుండగానే వెళ్లండి, పూర్తిగా తీసిన నిమిషానికి వెనక్కి తిరగండి. ఈ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. సోమవారం చూసిన టైమ్ గురువారం పనికిరాదు. పౌర్ణమి, అమావాస్యల ముందూ వెనకా నీళ్లు ఇంకా లోపలికి తీసి, ఇంకా పైకి వస్తాయి. తేడా అన్నిచోట్లా ఒకలా ఉండదు. మధ్యధరా సముద్రం ఒడ్డున చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు, కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా ఉంటుంది. మీరు వెళ్లే చోటి ఆటుపోట్ల పట్టిక చూశాకే ఆ గడి నింపమనండి.

ఆఖరి రోజు స్కూబా కొట్టేయండి. ఇందులో బేరాల్లేవు. నీటి అడుగున ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైమ్ కావాలి, వెంటనే విమానం ఎక్కితే బుడగలు కట్టి ప్రాణం మీదకి వస్తుంది. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు మునిగితే 18 గంటలు ఆగాలి. రెండో రోజుకో మూడో రోజుకో జరపండి. బాబుని లెక్కలోంచి తీసేయండి, పేరున్న శిక్షణ సంస్థలు చాలావరకూ సముద్రంలో డైవింగ్‌కి పదేళ్లు నిండాలంటాయి. వాడికి స్నార్కెలింగ్ చాలు.

మీ అత్తగారి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. పడవ బుక్ చేసేటప్పుడు అడగాల్సింది రేటొక్కటే కాదు. జెట్టీకి ఆనుకుని ఆగుతుందా, మోకాలి లోతు నీళ్లలో నడిచి నిచ్చెన ఎక్కాలా అని అడగండి. రెండోదైతే ఆవిడ ఒడ్డునే ఉండిపోతారు, మీ సంచులకి కాపలాగా. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి మోకాళ్లు లాగుతాయి. నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొద్దున్నే ఆవిణ్ని అక్కడ నడిపించండి.

మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. దీవి ప్రయాణం రెండో రోజుకి పెట్టండి. గాలి ఎక్కువై పడవ ఆపేస్తే ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. మిగతా వాటిలో మనిషికొకటి చొప్పున కోరుకోమనండి. పాప ఇసుక, బకెట్ కోరుకుంటుంది, రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదుతాను. ఫ్రెండ్స్‌తో బీచ్‌కి వెళ్తున్నాం. అలలు తక్కువగా ఉన్నచోట దిగితే సేఫే కదా?

జవాబు: అదే అసలు ప్రమాదం బాబూ. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఓ పట్టీ ప్రశాంతంగా, కాస్త నల్లగా కనిపిస్తే, ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అదే. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో పడ్డవాళ్లు ఒడ్డు కేసి ఎదురీది అలిసిపోయి మునుగుతారు. నువ్వు ఎదురీదొద్దు. వెల్లకిలా తేలు, చెయ్యెత్తి పిలువు. ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ ప్రవాహం దాటాక అలలతోపాటు ఏటవాలుగా రా. లైఫ్‌గార్డ్ ఉన్నచోటే దిగు. చాలా దేశాల్లో సగం ఎరుపు సగం పసుపు జెండాల మధ్యే ఈదాలి, ఎర్ర జెండా ఉంటే దిగకూడదు, ఊదా రంగుంటే నీళ్లలో జెల్లీఫిష్‌ లాంటివి ఉన్నాయని. ఒడ్డున బోర్డు ఉంటుంది, దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకునే ముందు ఒకసారి చదువు.

ప్రశ్న: పడవ ఎక్కితే నాకు వాంతులు. కానీ డాల్ఫిన్లు చూడాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: గాలి లేవకముందు బయల్దేరే తొలి పడవ చూసుకోండి. మాత్ర ఏదన్నది డాక్టర్ని అడగండి, ఎక్కడానికి గంట ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. పడవకి మధ్యలో కూర్చోండి, అక్కడ ఊపు తక్కువ. వెనక డీజిల్ వాసన ఒక్కటి చాలు మీ పని పట్టడానికి. చూపు నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద ఉంచండి. ఫోన్ సంచిలో పెట్టేయండి. డాల్ఫిన్ల ఫొటోలు పక్కవాళ్లు ఎలాగూ తీస్తారు, మీ ఫొటోలు మాత్రం తీయొద్దని ముందే చెప్పండి.