ఫైబ్రోమయాల్జియాకు ఏ డాక్టరును కలవాలి?

ఏడాదిగా ఒళ్ళంతా నొప్పులు, రిపోర్టులన్నీ నార్మల్, ఫైబ్రోమయాల్జియా కావచ్చని ఒక డాక్టరు అన్నారు, ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని అడిగారు. ఇదే ప్రశ్నతో నేను నాలుగేళ్ళు తిరిగాను.

ముందు రుమటాలజిస్టును, అంటే కీళ్ళు, కండరాల జబ్బులు చూసే డాక్టరును కలవండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ వంటివి (మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బులు) కావని తేల్చడంలో వారిది అందె వేసిన చెయ్యి. థైరాయిడ్ తగ్గినా ఇలాంటి నొప్పులే రావచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయిస్తారు. అయితే జబ్బు పేరు చెప్పి అక్కడితో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మనల్ని ఓపికగా చూసే డాక్టరు వేరే కావాలి. నాకు ఆవిడ పెయిన్ క్లినిక్‌లో దొరికారు. మీకు మీ ఫ్యామిలీ డాక్టరే కావచ్చు.

అంతకుముందు ఒకాయన 18 చోట్ల బొటనవేలితో నొక్కి, 9 చోట్లే నొప్పి ఉంది, 11 ఉండాలి, మీకు ఈ జబ్బు లేదని పంపేశారు. అది 1990 నాటి లెక్క. 2010లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే డాక్టర్ల సంఘం ఇచ్చిన ప్రమాణాల్లో ఈ నొక్కి చూడటం లేదు. నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, అలసట, నిద్ర, మరుపు ఏ స్థాయిలో ఉన్నాయి, 3 నెలలుగా ఉన్నాయా అన్నదే చూస్తారు. పెయిన్ క్లినిక్ డాక్టరు గారు ఫైలు తెరవకముందే, "పొద్దున లేచేసరికి నిద్రపోయినట్టు అనిపిస్తుందా?" అని అడిగారు. రాత్రంతా బరువులు మోసినట్టు లేస్తానని చెప్పాను. ఆ మాటను ఉన్నదున్నట్టు చీటీ మీద రాసుకున్నారు. అన్నాళ్ళలో నా నిద్ర గురించి అడిగినవారే లేరు.

అపాయింట్‌మెంటు తీసుకునే ముందే ఫోను చేసి, డాక్టరు గారు ఫైబ్రోమయాల్జియా రోగులను చూస్తారా, తర్వాత కూడా వారే చూస్తారా అని అడగండి. నీళ్ళు నమిలితే అక్కడికి వెళ్ళకండి.

డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రాస్తే, ఇవి డిప్రెషన్ మందులు కదా, నా నొప్పిని నమ్మడం లేదని బాధపడకండి. నేనూ అలాగే బాధపడి నెల రోజులు మందు వేసుకోలేదు. నొప్పి సంకేతాలను నాడీ వ్యవస్థ పెంచి చూపడం ఈ జబ్బులో కీలకం, ఈ మందులు అక్కడే పనిచేస్తాయి. కానీ వ్యాయామం ఊసెత్తకుండా మందులే రాసేవారి మీద నాకు నమ్మకం లేదు. నా నడక రోజుకు 5 నిమిషాలతో మొదలైంది.

వెళ్ళేటప్పుడు తెల్లకాగితం మీద మనిషి బొమ్మ ముందు నుంచి, వెనుక నుంచి గీసి, నొప్పి ఉన్న చోట్లన్నీ పెన్సిలుతో దిద్ది తీసుకెళ్ళండి. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తారో, పక్కన పెట్టేస్తారో గమనించండి.