పెట్టె ఉంది, నెట్ లేదు. బిల్లు చూపమని అడగొచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను వార్డు మెంబరును. కొన్నేళ్ల కిందట మా పంచాయతీ ఆఫీసులో భారత్‌నెట్ (పల్లెలకు నెట్ ఇచ్చే కేంద్ర పథకం) పెట్టె బిగించి పోయారు. ఒక్కరోజు కూడా నెట్ సరిగా రాలేదు. మండలంలో అడిగితే మీ ఊరిలో పనిచేస్తున్నట్టే రికార్డులో ఉందన్నారు. కాంట్రాక్టరు మనిషేమో 'ఇది మా కంపెనీ లెక్క, నీకెందుకు చెప్పాలి' అంటున్నాడు. కేసు పెట్టొచ్చా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. కానీ కేసు కంటే ముందు మీ చేతికి ఒక కాగితం రావాలి. మీ ఊరిలో పని పూర్తయిందని, నెట్ నడుస్తోందని ఎవరో ఒకరు సంతకం పెట్టి ఉంటారు. ఆ కాగితం కావాలి.

భారత్‌నెట్‌కు సబ్సిడీగా ఇచ్చే ఈ డబ్బు కంపెనీది కాదు. టెలికాం కంపెనీలు తమ రాబడిలో 5 శాతం ప్రభుత్వానికి కట్టాలి. ఆ రాబడి మనం చేయించే రీచార్జిలదే. ఆ సొమ్ముతో నడిచే నిధిని మొదట యూఎస్‌ఓ ఫండ్ అనేవారు, 2023 టెలికాం చట్టం వచ్చాక డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. ఖర్చుకు పార్లమెంటు అనుమతి కావాలి, ఆడిట్ చేసే అధికారం కాగ్‌కు (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఉంది. అలాంటప్పుడు 'మా లెక్క' అన్న మాట చెల్లదు. సమాచార హక్కు చట్టం 8(1)(డి) కింద వ్యాపార రహస్యాలు ఇవ్వనక్కర్లేదన్నది నిజమే. కానీ మీ ఊరి పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్ వ్యాపార రహస్యం ఎలా అవుతుంది? ఒక పేజీలో రహస్యం ఉంటే, సెక్షన్ 10 ప్రకారం అంతవరకు తీసేసి మిగతాది ఇవ్వాల్సిందే.

ఇలాంటి సబ్సిడీల్లో క్లెయిములు సరిచూసి డబ్బు విడుదల చేసే పని టెలికాం శాఖలోని సీసీఏ (కంట్రోలర్ ఆఫ్ కమ్యూనికేషన్ అకౌంట్స్) కార్యాలయాలది. ప్రతి ఊరికీ వచ్చి పెట్టె వెలుగుతోందా అని చూడటం వాళ్లకు సాధ్యం కాదు. అందుకే కింది నుంచి వెళ్లే సర్టిఫికెట్ మీదే బిల్లు నిలబడుతుంది. మన రాష్ట్రంలో ఈ పని చాలావరకు రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ద్వారా జరిగింది. కాబట్టి అక్కడొక దరఖాస్తు, మీ పంచాయతీలో ఒకటి వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. తెలుగులోనే రాయండి.

'అవినీతి జరిగిందా' అని అడగకండి, దానికి జవాబు రాదు. పెట్టె అప్పగించిన తేదీ, సంతకం చేసినవారి హోదా, నెట్ నడిచిన రోజుల రికార్డు, నెలవారీ మెయింటెనెన్స్ చెల్లింపులు, నడవని రోజులకు వేసిన కోతలు అడగండి. కోతల సంగతి మరిచిపోవద్దు. కేబుల్ రోడ్డు పనిలో తెగి ఉండొచ్చు, కంపెనీకి ఆ మేరకు డబ్బు ఆపి ఉండొచ్చు. అప్పుడది దొంగ బిల్లు కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేస్తానని కూడా కోరవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఉపాధి హామీ పథకం 2006లో మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. 2005 నాటి ఆ చట్టంలో సెక్షన్ 17 ప్రకారం గ్రామసభ సామాజిక తనిఖీ, అంటే ఊరివాళ్లే పనులు, లెక్కలు సరిచూడటం, జరపాల్సి ఉండేది. టెలికాం సబ్సిడీకి అలాంటి సెక్షన్ లేదు. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం, ఎందుకంటే పెట్టె వెలుగుతోందో లేదో ఊరివాళ్లకు తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలియదు. అయినా మిమ్మల్ని ఆపేవారు లేరు. పెట్టె ఏ స్థితిలో ఉందో తేదీతో సహా పంచాయతీ తీర్మానం చేయించండి, ఫొటోలు తీసిపెట్టండి.

నెట్ లేని రోజుల్లో ఉన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చి డబ్బు తీసుకున్నారని తేలితే, అప్పుడు మోసం కేసు నిలుస్తుంది. 2024 జులై 1కి ముందు జరిగినదైతే ఐపీసీ 420, తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత 318. ఉద్యోగుల పాత్ర ఉంటే ఏసీబీకి కూడా రాయండి. పోలీసులు కేసు కట్టకపోతే ఎస్పీకి, ఆపైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 175(3) కింద మేజిస్ట్రేటుకు వెళ్లొచ్చు. అంతవరకు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి పేరూ పెట్టి దొంగ అనకండి, పరువు నష్టం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఈ వారంలోనే ఇవ్వండి. మీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.